రెండు చేతుల పెట్టె

చుక్కలమ్మకు ఆ పేరు తల్లిదండ్రులు పెట్టింది కాదు. ముంజేతుల మీద, మెడ కింద, ఒకటి ఎడమ కనురెప్పకు వెంట్రుకవాసి దూరంలో, కరిగిన టంకం చిట్లి పడిన మచ్చలుండేవి. ప్రెస్సు షాపులో ఆమెతో పనిచేసే ఆడవాళ్ళు వాటిని చూసి పెట్టిన పేరది. ఆవిడ దానికి కోపగించుకోలేదు. ఆవిడ కోపగించుకోని విషయాలు చాలా తక్కువ కాబట్టి పేరు నిలిచిపోయింది.

ఆమె కోపం ముక్కు మీద ఉండే రకం కాదు, చేతుల్లో ఉండే రకం. పదకొండేళ్ళప్పుడు తండ్రి బెల్టు తీస్తే, రెండు దెబ్బలు ఓర్చుకుని, మూడోదానికి ఆ బెల్టే లాక్కుని తిరిగి కొట్టింది. పెళ్ళయిన మూడో నెలలో భర్త చెయ్యి చేసుకున్నాడు. ఆవిడ పక్కనున్న పీట ఎత్తి ఒక్కటి వేసింది. ఆయన భుజం ఎముక విరిగి, ఆరు వారాలు చెయ్యి గుడ్డలో వేలాడేసుకుని తిరిగాడు. ఆయనది సెలూన్. ఆ కథ గిరాకీలకు ఆయనే చెప్పుకునేవాడు. "అప్పట్నుంచి పంతొమ్మిదేళ్ళయిందండీ, మా ఆవిడకీ నాకూ ఒక్క మాట పట్టింపు లేదు," అనేవాడు, వాళ్ళ గొంతు మీద కత్తి ఆనించి. నవ్వాలో కదలకుండా ఉండాలో తెలియక వాళ్ళు గుడ్లప్పగించి అద్దంలోకి చూసేవాళ్ళు.

సెలూన్ పక్క గదిలో ఒక ముసలాయన రేడియోలు బాగుచేసేవాడు. అందరికీ రేడియో తాత. ఒకసారి సెలూన్‌లో రేడియో మూగబోతే చుక్కలమ్మ పట్టుకెళ్ళింది. ఆయన వెనక రేకు విప్పి, ఊడిపోయిన తీగ ఒకటి చూసి, దాని మొదట్లో సోల్డరింగ్ ఐరన్ ఆనించి, వెండిలా మెరిసే టంకం చుక్క పెట్టాడు. రేడియో మాట్లాడింది. ఒక పని అంత నెమ్మదిగా, ఎవరి మీదా అరవకుండా పూర్తవడం ఆవిడ అంతకుముందు చూడలేదు. ఆ వచ్చే ఆదివారం మొదలుకుని నాలుగేళ్ళు, ప్రతి ఆదివారం ఆయన ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"వేడి టంకానికి చూపించకమ్మా," అనేవాడు తాత. "తీగ కాలికీ, దాని కింది రాగికీ చూపించు. ఆ రెండూ కాగితే టంకం తనంతట తనే పాకుతుంది. ఒకటి, రెండు అనుకో, తీసెయ్. మెరిస్తే అతికినట్టు. బూడిదరంగులో ఉబ్బిందా, అతికినట్టు నటిస్తోందన్నమాట. దాన్ని నమ్మకు."

వాళ్ళు పనిచేసేది జీరో బోర్డు మీద. బిస్కెట్ రంగు పలక, అంగుళానికి పది చొప్పున వరసలు వరసలుగా రంధ్రాలు, ప్రతి రంధ్రం చుట్టూ రాగి చుక్క. దాని మీద దారులేవీ ముందే గీసి ఉండవు. ఏది దేనికి కలవాలో మనమే అనుకుని, మనమే అతకాలి. మొదటి నెలలో చుక్కలమ్మ మూడు బోర్డులు గోడకేసి కొట్టింది. తాత ఒక్క మాట అనకుండా లేచి, ముక్కలు ఏరి తెచ్చి మళ్ళీ ఆమె ముందు పెట్టాడు. తర్వాత్తర్వాత, ఐరన్ పట్టుకున్నంతసేపు ఆమె చేతులు ఆమె మాట వినడం మొదలుపెట్టాయి.

తాత పోయాక కూడా ఆవిడ మానలేదు. నీళ్ళ ట్యాంకు నిండితే అరిచే అలారం చేసింది. చప్పట్లు కొడితే వెలిగే దీపం చేసింది. చెల్లెలి ఇంటికి బాతులా అరిచే కాలింగ్ బెల్లు చేసిచ్చింది. అది వినడానికి వీధిలో పిల్లలు నొక్కి పారిపోతుంటే చెల్లెలు నవ్వుతూ తిట్టేది.

అక్కచెల్లెళ్ళిద్దరిదీ ఒకే షాపు, పక్కపక్క యంత్రాలు. తలుపు బందులకు రేకులు కొట్టే ఎనిమిది ప్రెస్సులు అక్కడ. కింది అచ్చులో రేకు పెట్టాలి, యంత్రానికి అటూ ఇటూ ఉన్న రెండు పచ్చ బటన్లు రెండు చేతులతో నొక్కాలి, పై అచ్చు ధన్‌మని దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీద ఉంటే లోపల ఏ చెయ్యీ ఉండదు. యంత్రం చేసినవాడి ఆలోచన అది. కానీ అలా చేస్తే పని నిదానమవుతుందని మేస్త్రీ ప్రతి ప్రెస్సుకీ ఒక బటన్‌ని నల్ల టేపుతో నొక్కిపెట్టి చుట్టేశాడు. ఇక ఒక చెయ్యి రేకు పెడుతుంటే ఇంకో చెయ్యి నొక్కుతుంది. ఆ టేపు మూడేళ్ళుగా అలాగే ఉంది. చుక్కలమ్మ రోజూ చూసేది. రెండుసార్లు మేస్త్రీతో గొడవ కూడా పడింది. "నచ్చకపోతే గేటు తెరిచే ఉంది," అన్నాడాయన.

ఒక సోమవారం పొద్దున పదిన్నరకు పక్క ప్రెస్సు చప్పుడు మారింది. ధన్‌మనలేదు, తడిగుడ్డ మీద పడినట్టు మెత్తగా దిగింది. చుక్కలమ్మ తల తిప్పింది. చెల్లెలు అరవడం లేదు. ఆశ్చర్యంగా తన కుడిచేతి వైపు చూస్తోంది.

"అక్కా, నా చెయ్యి రావట్లేదే," అంది.

చుక్కలమ్మ మెయిన్ స్విచ్ లాగేసి, యంత్రం వెనక్కి పరుగెత్తి, పెద్ద చక్రాన్ని రెండు చేతులతో వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది. అది అంగుళం అంగుళమే కదులుతుంది. అప్పుడు మేస్త్రీ వచ్చాడు. చెల్లెలి భుజం పట్టుకోలేదు, నీళ్ళు తెమ్మనలేదు. నేరుగా బటన్ దగ్గరికి వెళ్ళి, గోటితో టేపు కొస లేపి, గబగబా ఊడదీసి, ఉండ చుట్టి జేబులో వేసుకున్నాడు. చక్రం తిప్పుతూనే చుక్కలమ్మ అదంతా చూసింది.

పై అచ్చు లేచింది. మూడు వేళ్ళు రేకుతో పాటే పలచబడి అక్కడే ఉండిపోయాయి. ఆడవాళ్ళు చేతికి తువ్వాలు చుట్టి చెల్లెల్ని ఆటో దాకా మోసుకెళ్ళారు. చుక్కలమ్మ వాళ్ళ వెంట వెళ్ళలేదు. బల్ల మీదున్న బందు ఒకటి తీసి గుప్పిట్లో పట్టుకుంది, చెయ్యంత పొడవున్న గేటు బందు. మేస్త్రీ దగ్గరికి నడిచి వెళ్ళి మొహం మీద కొట్టింది. ముక్కు విరిగిన చప్పుడు ఎనిమిదో ప్రెస్సు దాకా వినిపించిందట. రెండో దెబ్బకు చెవి చీలింది. మూడోదానికి నలుగురు కలిసి ఆమెను నేలకు అదిమిపెట్టారు. అదిమినవాళ్ళలో ఒకడి మణికట్టు కొరికింది.

ఆసుపత్రిలో మర్నాడు చెల్లెలికి తెలివొచ్చింది. చుక్కలమ్మ మంచం పక్కన కూర్చుని, మేస్త్రీ ముక్కు సంగతి చెప్పింది. చెల్లెలికి అది రుచించలేదు. కట్టు కట్టిన చేతిని చూసుకుంది.

"నువ్వు నాకు బాతు బెల్లు చేసిచ్చావు," అంది చివరికి.

"ఇప్పుడదెందుకే?"

"ట్యాంకుకి అలారం చేశావు. చప్పట్లు కొడితే వెలిగే దీపం చేశావు. ఆ టేపు మూడేళ్ళు నీ కళ్ళ ముందే ఉంది కదా. టేపు వేస్తే పనిచెయ్యని పెట్టె నువ్వు చెయ్యలేవా? చెయ్యగలవు. మరెందుకు చెయ్యలేదు?"

చెల్లెలు ఎడమచేత్తో స్టీలు గ్లాసు తీసి విసిరింది. అంచు తగిలి చుక్కలమ్మ కనుబొమ చిట్లింది. పుట్టి బుద్ధెరిగాక తగిలిన ప్రతి దెబ్బకీ బదులిచ్చిన మనిషి, ఆ రోజు చేతులు ఒళ్ళో పెట్టుకుని, రక్తం గడ్డం మీదికి కారుతుంటే అలాగే కూర్చుంది.

"పో," అంది చెల్లెలు. "నా ముందు కూర్చోకు."

మూడోరోజు షాపు ఓనరు స్వయంగా చుక్కలమ్మ ఇంటికొచ్చాడు. ఫ్యాక్టరీల తనిఖీ వాళ్ళదాకా విషయం వెళ్తుందేమోనని ఆయన భయం. "చూడమ్మా, వాడిదీ తప్పుంది, నీదీ తప్పుంది. ఇంతటితో వదిలేద్దాం. పనిలోకి రా," అన్నాడు.

"పెట్టె బిగించనిస్తే వస్తా," అంది చుక్కలమ్మ.

"ఏం పెట్టె?"

"నేనే చేస్తా. మీరు అడ్డు రాకండి, చాలు."

అలా అయితే గొడవ వదులుతుందని ఆయన తల ఊపాడు.

సెలూన్ వెనక భాగంలో, సబ్బు నురగ వాసనలో, ఆవిడ జీరో బోర్డు ముందేసుకుని కూర్చుంది. ఆలోచన చిన్నదే. రెండు బటన్లూ అరసెకను తేడాలోపు నొక్కితేనే యంత్రం కదలాలి. ఒకటి ముందే నొక్కి ఉంటే కదలకూడదు. దెబ్బ పడ్డాక రెండూ వదిలితే తప్ప రెండో దెబ్బ పడకూడదు. అప్పుడు టేపు వేసినవాడికి యంత్రమే మొండికేస్తుంది. ఎనిమిది కాళ్ళ టైమర్ చిప్పులు రెండు, కరెంటు దారి తెరిచి మూసే రిలేలు మూడు (బటన్‌కొకటి, అచ్చును దించడానికొకటి), కొన్ని ట్రాన్సిస్టర్లు. మొత్తం నూట పన్నెండు అతుకులు. ప్రతి కాలినీ రంధ్రంలో దూర్చి, బోర్డు తిరగేసి, ఐరన్ మొన ఆనించి, ఒకటి, రెండు అనుకుని, టంకం తాకించి తీసేసేది. కాస్త పొగ లేచేది. మిగిలిన కాలు కటింగ్ ప్లయర్‌తో పుటుక్కున తెంపేది. తెగేది సన్నటి తీగ ముక్కే అయినా, తెంపిన ప్రతిసారీ చెల్లెలి వేళ్ళు గుర్తొచ్చేవి.

ఆరోరోజు మధ్యాహ్నం అంతా అయింది. పరీక్షించింది. పదకొండుసార్లు సరిగ్గా పనిచేసింది. పన్నెండోసారి, ఒక బటన్ ముందే నొక్కి ఉంచినా అచ్చును దించే రిలే టిక్కుమంది. అంటే చెయ్యి లోపలుండగా అచ్చు దిగినట్టు. ఆవిడ బోర్డు ఎత్తి విసిరింది. సెలూన్ అద్దం అడ్డంగా పగిలింది. కుర్చీలో ఉన్నాయన సగం గీసిన గడ్డంతో లేచి వీధిలోకి పరుగెత్తాడు.

భర్త కత్తి మడిచి జేబులో పెట్టుకుని, కిందపడ్డ బోర్డు తీసి, దుమ్ము ఊది ఆమె ముందు పెట్టాడు. "అద్దం సంగతి తర్వాత చూద్దాం గానీ, నేనిప్పుడు ఒకాయనకి సగం గడ్డం బాకీ," అన్నాడు.

ఆవిడ నవ్వలేదు గానీ భూతద్దం తీసింది. రెండో చిప్పు ఆరో కాలు దగ్గర బూడిదరంగు ముద్ద. అతికినట్టు నటిస్తోంది. పాత టంకం పీల్చి తీసి, రాగి గీకి, కొత్తగా పెట్టింది. మెరిసింది. అయినా పక్కనున్న ఏడో కాలి మీద ఆమెకు అనుమానం పూర్తిగా పోలేదు. ఎంత చూసినా మెరుస్తున్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. మర్నాడు మూడొందలసార్లు నొక్కి చూసింది. తప్పలేదు.

చెల్లెలి ప్రెస్సుకే బిగించింది. అందరి ముందూ ఒక బటన్‌కి టేపు చుట్టి, అచ్చులో క్యారెట్ పెట్టి రెండోది నొక్కింది. యంత్రం కదల్లేదు. టేపు తీసి రెండూ నొక్కింది. క్యారెట్ రేకంత పలచబడి, రసం అందరి మొహాల మీదా చిందింది. ఒకావిడ బయటికెళ్ళి వాంతి చేసుకుంది.

తర్వాతి వారంలో ఆ ప్రెస్సు మీద పని మిగతావాటికంటే వెనకబడింది. ఓనరు మేస్త్రీని నిలదీశాడు. మిగతా ఏడు ప్రెస్సుల వాళ్ళూ మాకూ ఆ పెట్టె కావాలని అడగసాగారు. ముక్కు మీద పట్టీతో తిరుగుతున్న మేస్త్రీకి ఆ పట్టీ చూసి నవ్వే నవ్వులూ, ఈ అడగడాలూ ఒంటికి కారం రాసినట్టుండేవి.

ఒక మధ్యాహ్నం అందరూ భోజనానికి బయటి అరుగు మీదికెళ్ళారు. చుక్కలమ్మ పెట్టె మూత బిగిస్తూ లోపలే ఉండిపోయింది. మేస్త్రీ లోడింగ్ మనిషి ఒకణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. వెనకనుంచి ఆమె జుట్టు పట్టుకుని మొహం యంత్రానికేసి కొట్టాడు. ముందు పన్ను ఒకటి ఊడి నాలుక మీద పడింది. తేరుకునేలోపే ఎడమచెయ్యి మెలితిప్పి, మోచేతి దాకా కింది అచ్చులో తోసి, తన బరువంతా వేసి ఆమె మీద వాలాడు.

"చాలా తెలివైనదానివి కదా," అన్నాడు. "నీ పెట్టె ఎలా పనిచేస్తుందో చూద్దాం."

ఖాళీగా ఉన్న చేత్తో దగ్గరున్న బటన్ గుద్దాడు. యంత్రం కదల్లేదు. "నువ్వు అటుది నొక్కరా," అని లోడింగ్ మనిషి మీద అరిచాడు.

చుక్కలమ్మ చెంప చల్లటి ఇనుముకు ఆని ఉంది. చెవికి జానెడు దూరంలో తన పెట్టె. లోపల బటన్ రిలే టిక్కుమనడం వినిపించింది. మేస్త్రీ బటన్ ముందే నొక్కేశాడు, రెండోది ఆలస్యమైంది, కాబట్టి అచ్చు దిగకూడదు. ఆవిడకు తెలుసు. కానీ తెలిసినదంతా నూట పన్నెండు చుక్కల మీద ఆధారపడి ఉంది, అందులో ఒక చుక్క సంగతి ఆవిడకే రూఢిగా తెలియదు. ఆమె బట్టల్లోకి మూత్రం వెచ్చగా కారింది. అచ్చు దిగలేదు.

"వదిలి, ఇద్దరం ఒక్కసారే నొక్కుదాం," అన్నాడు మేస్త్రీ. "ఒకటి, రెండు..."

మూడు అనేలోపు లోడింగ్ మనిషి చెయ్యి తీసేశాడు. "నా వల్ల కాదు మేస్త్రీ," అని వెనక్కి జరిగి, గోడకు ఆనుకుని ఏడవడం మొదలుపెట్టాడు.

ఆ ఏడుపు విని ఆడవాళ్ళు లోపలికొచ్చారు. తర్వాత ఏం జరిగిందో ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చెబుతారు. మేస్త్రీ తల మీద అన్నం డబ్బాలు పడ్డాయన్నది నిజం. పక్కటెముకలు రెండు విరిగాయన్నది నిజం. ఐదుగురు కలిసి ఆయన్ను ఈడ్చి, ఆయన కుడిచెయ్యి అదే అచ్చులో పెట్టి పట్టుకున్నారన్నదీ నిజం.

"నొక్కు చుక్కలమ్మా," అన్నారు. "నొక్కవే."

ఆవిడ నోటినిండా రక్తంతో బటన్ల మధ్య నిలబడింది. మేస్త్రీ అరుస్తున్నాడు, తన తల్లిని పిలుస్తున్నాడు. అచ్చు మధ్య ఆయన వేళ్ళు కప్ప పాదంలా తెరుచుకుని ఉన్నాయి. ఆవిడ ఎడమచేత్తో ఒక బటన్ నొక్కింది. రిలే టిక్కుమంది. కుడిచెయ్యి రెండో బటన్ మీదే ఉంది, అరచేతి కింద దాని చల్లదనం తెలుస్తోంది. అరసెకను గడిచిపోయింది. వదిలి, మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఎడమచెయ్యి ఒక్కటే దిగింది.

ఆవిడ మెయిన్ స్విచ్ లాగేసింది. దయతలిచి కాదు. చుట్టూ తిరిగి వచ్చి, అచ్చు అంచు మీద వాలి ఉన్న ఆయన మణికట్టు మీద స్పానరు ఎత్తి ఒక్కటి వేసింది. ఎముక విరిగింది. అప్పుడు కింద కూర్చుని, ఊడిన పన్ను కోసం వెతుక్కుంది.

పోలీసులొచ్చారు. ఇద్దరి మీదా కేసులయ్యాయి. కోర్టులో లోడింగ్ మనిషి ఉన్నదున్నట్టు చెప్పాడు. మేస్త్రీకి రెండేళ్ళు పడింది. ముక్కుకీ మణికట్టుకీ కలిపి చుక్కలమ్మకు నాలుగు నెలలు. తనిఖీ వాళ్ళు వచ్చి ఎనిమిది ప్రెస్సుల మీదా టేపులు పీకించి, షాపుకి తాళం వేశారు. అది తెరుచుకునేసరికి కొత్త ఓనరు, కొత్త యంత్రాలు. చుక్కలమ్మను మాత్రం మళ్ళీ గేటు లోపలికి రానివ్వలేదు.

జైలు నుంచి వచ్చిన రోజు ఆవిడ చెల్లెలి ఇంటికెళ్ళింది. కాలింగ్ బెల్లు అక్కడ లేదు, తీగలు గోడలోంచి ఊరికే వేలాడుతున్నాయి. చెల్లెలు తలుపు తీసి, గుమ్మంలోనే నిలబడింది.

"నొక్కలేదంట కదా," అంది.

"లేదు."

"నేనైతే నొక్కేదాన్ని."

"తెలుసు."

చెల్లెలు ఆమె పన్ను పోయిన నోటి వైపు చూసింది. లోపలికి రమ్మనలేదు. తలుపు మాత్రం వెయ్యకుండా, ఉల్లిపాయలు తరగడానికి లోపలికెళ్ళింది. రెండు వేళ్ళ చేత్తో ఉల్లిపాయ అదిమిపట్టి, ఎడమచేత్తో కత్తి పట్టుకుంది. చుక్కలమ్మ గుమ్మం దగ్గరే కూర్చుని చూసింది. సాయం చేస్తానంటే కత్తి తన మీదికొస్తుందని ఆమెకు తెలుసు.

ఇప్పుడు చుక్కలమ్మ చిన్నచిన్న ప్రెస్సు షాపులకు ఆ పెట్టెలు చేసిపెడుతోంది. సెలూన్ వెనక గదిలో పొగ వాసన పోవడం లేదు. బిగించిన పెట్టెలు నెలకోసారి వెళ్ళి చూసొస్తుంది. మొన్న ఒక షాపులో, ఒకమ్మాయి రెండు బటన్ల మీదా అడ్డంగా కర్ర వేసి, పొట్టతో ఆ కర్రను అదుముతూ రెండు చేతులతో రేకులు పెడుతోంది. ఎవరూ చెప్పలేదు, తనే కనిపెట్టుకుంది. తొందరగా ఇంటికెళ్ళొచ్చని.

చుక్కలమ్మ కర్ర లాగి విరిచేసి, ఆ అమ్మాయి చెంప ఛెళ్ళుమనిపించింది. ఆ అమ్మాయి ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తిరిగి కొట్టింది, ఆమె కొట్టిన దానికంటే గట్టిగా.

"ఎవరు నువ్వు నన్ను కొట్టడానికి?" అంది.

చుక్కలమ్మ చెవిలో గుయ్యిమంది. చెంప తడుముకుంది. సంచీ దించి, స్క్రూడ్రైవర్ తీసి, కర్ర ఆనకుండా బటన్ల చుట్టూ లోతైన గిన్నెలు బిగించడానికి కొలతలు తీసుకోసాగింది.

"ఆ టార్చి కాస్త ఇటు పట్టుకోవే," అంది తల ఎత్తకుండా.

ఆ అమ్మాయి తిట్టుకుంటూనే టార్చి పట్టుకుంది.